తిరగేసిన తొడుగు

ఆసుపత్రి వెనక గేటు పక్కన నాదో చిన్న కుట్టు గది. కాలిన ఒంటికి బిగుతు తొడుగులు కుడతాను. రోజుకు ఇరవై మూడు గంటలు, ఏడాది పాటు వేసుకుంటే మచ్చ గట్టిపడి ముడుచుకుపోదు. మిగిలిన ఆ ఒక్క గంట స్నానానికి.

ఏడేళ్ల కిందట కుట్టు కార్ఖానాలో ఇస్త్రీ బాయిలర్ పేలి నా ఎడమ చెయ్యి కాలింది. ఆసుపత్రిలో ఇచ్చిన తొడుగు వదులైతే విప్పి నేనే కుట్టుకున్నాను. అది చూసి నర్సు పక్క మంచం ఆవిడకీ కుట్టమంది. ఈ పని అలా మొదలైంది. మా ఆయన మూడు నెలలు కట్లు మార్చాడు, ఆ తర్వాత చూపు తప్పించాడు, చివరికి తనే తప్పుకున్నాడు. తిట్టుకోవాలన్నా మనిషి ఎదురుగా ఉండాలి కదా, అదీ లేదు.

ఇక తీసెయ్యొచ్చని డాక్టరు చెప్పి ఐదేళ్లయింది. అప్పుడు నేను తియ్యలేదు. నిజం చెప్పాలంటే, నన్ను గట్టిగా పట్టుకుని ఉన్నది అదొక్కటే. పైన పొడుగు చేతుల చొక్కా వేసేదాన్ని కాబట్టి ఎవరికీ తెలియలేదు.

కిందటేడు ఒక టీచరమ్మ వచ్చారు. మరిగే నూనె పడి కుడి చెయ్యి కాలింది. బోర్డు మీద రాసే చెయ్యి. నేను కుట్టిచ్చిన తొడుగు నాలుగు రోజులకే వెనక్కి తెచ్చారు.

"గుచ్చుకుంటోందండీ."

వదులు చేసిచ్చాను. మళ్లీ తెచ్చారు. మెత్తటి దారంతో కుట్టిచ్చాను. మూడోసారి ఆవిడ రాలేదు, తొడుగు నర్సు చేత పంపారు.

"వేసుకోవడం మానేసిందక్కా," అంది నర్సు. "మోచెయ్యి అప్పుడే వంగిపోతోంది. ఇంకో రెండు నెలలిలాగే ఉంటే ఆ చెయ్యి ఇక పైకి లేవదు."

నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "నా కుట్టుకు వంక పెట్టినవాళ్లు లేరు. లోపల చూడు, ముత్యాలు పేర్చినట్టు లేదూ?"

"ముత్యాలైనా పచ్చి చర్మానికి గుచ్చుకుంటాయి," అనేసి వెళ్లిపోయింది.

మర్నాడు స్నానానికి నా తొడుగు విప్పబోతూ ఆగిపోయాను. కుట్లన్నీ పైకే ఉన్నాయి. ఎప్పుడో పొరపాటున తిరగేసి వేసుకున్నాను. హాయిగా ఉంది. ఎవరు చూడొచ్చారులే అని ఏళ్ల తరబడి అలాగే కానిచ్చేశాను. ఒంటరిదాని బద్ధకం అనుకున్నానే గానీ, హాయి ఎందుకని ఆలోచించలేదు. కుట్టు లోపలికి దాచాలని నేర్చిన చేతులు మరి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట. టీచరమ్మ నోరు విప్పి చెప్పారు, చెప్పకుండా ఓర్చుకున్నవాళ్లు ఎంతమందో. ఆ పూట నా మీద నాకే అసహ్యం వేసింది.

టీచరమ్మ తొడుగు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ తలుపు సగమే తీశారు.

"మళ్లీ కుట్టారా? వద్దండీ, నావల్ల కాదు."

"కుట్టలేదండీ. తిరగేశానంతే."

"కుట్లు బయటికా? పిల్లలు నవ్వుతారండీ."

గుండీ విప్పి చొక్కా చెయ్యి పైకి మడిచాను. ఆరేళ్లలో ఒకరి ముందు ఆ పని చెయ్యడం అదే మొదలు. ఆవిడ తన ఎడమ అరచెయ్యి నా కుట్ల మీద ఆనించారు.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఆరేళ్లు."

"నాకు ఏడాది చాలన్నారుగా. మీదెందుకు తియ్యలేదు?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేకపోయాను. "తీస్తే పట్టుకునేవాళ్లు లేరండీ."

ఆవిడ ఓదార్చలేదు. వంగిన చెయ్యి చాచగలిగినంత చాచి, "తొడగండి," అన్నారు. తొడిగాక వేళ్లు కదిపి చూసుకున్నారు. "ఏడాదికి నాది తీస్తాను. అదే రోజు మీరూ తియ్యాలి." బడిలో హోంవర్కు చెప్పినట్టే చెప్పారు.

ఆ ఏడాది నిన్నటితో నిండింది. ఇవాళ పొద్దున్నే టీచరమ్మ నా గదికొచ్చి తన తొడుగు విప్పి బల్ల మీద పెట్టారు. నేను స్టూలు ఎక్కితే గానీ అందని పై అరలోంచి, కుడి చెయ్యెత్తి, దారపు ఉండ తీసిచ్చారు.

ఇక నేనూ విప్పాను. ఖాళీ చేతికి ఫ్యాను గాలి చల్లగా తగిలింది. ఆవిడ ఆ చేతిని అందుకుని, బడి వేళయ్యేదాకా పట్టుకుని కూర్చున్నారు.