కాజ్ సీటు వదల్లేదు

ఆట ఉన్న ఆదివారం కాజ్ వోయ్‌నార్, అతని భార్య లొరెట్టా పన్నెండున్నరకే వచ్చి కూర్చుంటారు. డౌన్‌టౌన్‌లో పాత బస్ డిపో ఉన్న చోట కొత్త స్టేడియం తెరిచి రెండు నెలలైంది. కాజ్ ఒళ్లో స్కోరు పుస్తకం, చెవి మీద పెన్సిల్. లొరెట్టా వేరుశనక్కాయలు ఒలిచి తొక్కలు కాళ్ల దగ్గర పడేస్తుంది. ఊరి బేస్‌బాల్ జట్టు హెరన్స్‌కు ఇద్దరూ నలభై ఒక్క ఏళ్లుగా అభిమానులు.

కొత్త స్టేడియానికి ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించారు. పాత మైదానంలోని ఆకుపచ్చ చెక్క సీట్లను వేలం వేద్దామనుకున్నారు. మార్చిలో ఒక ఉదయం వాటిలో ముప్పై ఆరు సీట్లు ఇనప కాళ్లతో మిల్ స్ట్రీట్ వెంట ఆరు మైళ్లు నడిచి వచ్చి, కొత్త స్టేడియంలో మూడో బేస్ వెనక కుదురుకున్నాయి. కూడలిలో పోలీసు ట్రాఫిక్ ఆపాడు. ఊరి పత్రిక లోపలి పేజీలో నాలుగు లైన్లు వేసింది. ఏటా ఆ సీట్లే కొనే కాజ్, లొరెట్టాలాంటి వాళ్లకు పాత నంబర్లే ఇచ్చారు.

ఒక ఆదివారం హెరన్స్ తరఫున బంతులు విసిరే పిచర్ ఓడమ్ ఐదు ఇన్నింగ్స్ దాకా అవతలి జట్టుకు ఒక్క హిట్టు కూడా ఇవ్వలేదు. అలాంటి అరుదైన ఆట నడుస్తుంటే ఆ సంగతి ఎవరూ పైకి అనరు. అంటే చెడిపోతుందని నమ్మకం. కూర్చున్న చోటు నుంచి కదలరు. బాత్రూమ్‌కి కూడా లేవరు.

పక్క సీట్లో డ్వైట్ ఉన్నాడు, రిటైరైన బస్ డ్రైవరు. "ఏంటి కాజ్, మొహం సున్నం కొట్టినట్టుంది?"

"హాట్‌డాగ్ పడలేదు."

"నాలుగు మింగితే ఎవడికి పడుతుందోయ్? పోయి కాసేపు నీడలో కూర్చో."

"ఇప్పుడు నన్ను లేపుతావా? తర్వాత ఏమైనా అయితే ఊరంతా నిన్నే తిడుతుంది, చూస్కో."

"బాబ్బాబు, నేనేం అన్లేదు. కదలకు."

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అలవాటు ప్రకారం స్టేడియమంతా లేచి, ఒళ్లు విరుచుకుని పాట పాడింది. కాజ్ లేవలేదు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో పెన్సిల్ జారి పడింది. వంగి తీసుకోలేకపోయాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది.

"వెళ్దామా?" లొరెట్టా గొంతు తగ్గించి అడిగింది.

"ఆట ముగియడానికి ఇంకా నాలుగు ఔట్లే. సీటు వదిలేది లేదు."

ఆమె ఇంకో వేరుశనక్కాయ ఒలిచింది.

కింద మరలు కిర్రుమన్నాయి. కాజ్ సీటు కాళ్లు ఊడదీసుకుని లేచింది. కాజ్‌ను అలాగే కూర్చోబెట్టుకుని మెట్లెక్కసాగింది. జనం మోకాళ్లు పక్కకు తిప్పి దారిచ్చారు. బీరు అమ్మేవాడు ట్రే పైకెత్తాడు.

"కాజ్! ఎక్కడికిరా?" డ్వైట్ అరిచాడు.

"నేను లేవలేదు! సీట్లోనే ఉన్నా! అందరూ చూస్తున్నారుగా!"

సీటు గేటు దాటింది. పాత మైదానం నుంచైతే ఆసుపత్రి ఆరు మైళ్లు. ఇక్కడి నుంచి రెండు వీధులు. సీటు సిగ్నల్ దగ్గర ఆగి, పచ్చలైటు పడ్డాక రోడ్డు దాటి, నేరుగా ఎమర్జెన్సీ తలుపులోంచి లోపలికి వెళ్లింది. లొరెట్టా చెప్పులు చేత్తో పట్టుకుని వెనకే పరిగెత్తింది.

డాక్టరు గుండెపోటు అంది. ఇంకో అరగంటైతే చేయగలిగింది ఏమీ ఉండేది కాదని, ఇప్పుడు గండం గడిచిందని చెప్పింది. తర్వాత కాగితం తీసింది.

"నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"ఐదో ఇన్నింగ్స్‌లో," అన్నాడు కాజ్. "రెండు ఔట్లయ్యాక."

"ఐదులోనా?" లొరెట్టా అరిచింది. "చస్తూ కూడా నోరు విప్పవా, మొండి ముసలోడా!"

డాక్టరు రాసుకుని ఆమె వైపు తిరిగింది.

"మీరెప్పుడు గమనించారమ్మా?"

లొరెట్టా నోరు తెరిచింది. అతని ఎడమ చెయ్యి కర్రముక్కలా వేలాడటం తను చూసింది. చూసి, మైదానం వైపు తల తిప్పుకుంది.

డాక్టరు పెన్ను పట్టుకుని ఆగింది. కాజ్ భార్యనే చూస్తున్నాడు.

"ఆరో ఇన్నింగ్స్‌లో," అంది లొరెట్టా.