చేతికి సరిపోయేది

లైల్ హ్రుష్కా ఏదైనా ఫర్వాలేదన్నాడు.

ఒక సుత్తి కొనడానికి అరగంట తీసుకునే మనిషి అతను. పిడి తిప్పి చూస్తాడు, గాలిలో కొట్టి చూస్తాడు, బరువంతా ముందుకే ఉందని గొణుగుతాడు, చివరికి మళ్ళీ వస్తానని వెళ్ళిపోతాడు. అలాంటివాడు ఆ రోజు మా ఇనుప సామాన్ల కొట్టు వెనక గదిలో, పిస్తోళ్ళు పెట్టే అద్దాల బల్ల ముందు నిలబడి, "ఏదైనా ఫర్వాలేదు ఆరిన్, నీకు నచ్చింది ఇచ్చెయ్" అన్నాడు. భోజనానికి కొట్టు మూసే వేళ. నాకు ఆకలిగా ఉంది. చేతికి అందింది ఇచ్చాను. ఆ సాయంత్రానికి లైల్ లేడు.

పదకొండేళ్ళయింది. చట్టం నన్నేమీ అడగలేదు. అతని తమ్ముడూ అడగలేదు. ఎవరూ అడగని ప్రశ్నకు మనిషి లోలోపల జవాబులు తయారు చేసుకుంటూనే ఉంటాడు. నేను తయారు చేసుకున్న జవాబు ఒక సిద్ధాంతం. బతకదలచినవాడు వస్తువుకు వంకలు పెడతాడు.

కొనేవాళ్ళకు నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే. హంగులు వద్దు. మీటలు తక్కువ ఉండాలి, భయంలో మనిషికి రెండు పనులు గుర్తుండవు. ఏ రకం తూటా పెట్టినా అడ్డుపడకుండా పేలాలి. అన్నిటికంటే ముందు చేతికి సరిపోవాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం పిడి వెనక పైదాకా ఆనాలి, గొట్టం ముంజేతికి తిన్నగా రావాలి, వేలు సాగదీయకుండానే ట్రిగ్గర్ అందాలి. ఇవన్నీ చెబుతూ నేను వాళ్ళ చేతులు చూస్తున్నట్టు కనిపిస్తాను గానీ, నిజానికి వింటూ ఉంటాను. బరువుగా ఉందనో, జారుతోందనో, గుచ్చుకుంటోందనో ఒక్క మాట వినిపిస్తే అమ్ముతాను. వినిపించకపోతే కాగితాల్లో తేడా ఉందనో, కొనేవాళ్ళ పాత కేసులు చూసే తనిఖీ ఆఫీసు ఫోను కలవడం లేదనో చెప్పి పంపేస్తాను. ఈ పదకొండేళ్ళలో అలా నలుగురిని పంపేశాను. వాళ్ళెందుకు వచ్చారో, తర్వాత ఏమయ్యారో తెలుసుకోవాలని ప్రయత్నించలేదు. సిద్ధాంతం ఉన్నవాడికి ఆ అవసరం రాదు.

ఆర్డిత్ కోల్టర్‌మన్ అక్టోబరులో ఒక మంగళవారం ఉదయం వచ్చింది. బళ్ళో నాకంటే రెండు తరగతులు కింద చదివింది. ఇప్పుడు అదే బడి వంటగదిలో పనిచేస్తోంది. ఆ వేళప్పుడు అక్కడ ఉండాల్సిన మనిషి.

హీటర్ పక్కన కూర్చుని మా కాఫీ ఊరికే తాగే డ్వేన్ అందుకున్నాడు. "ఏం ఆర్డిత్, ఇవాళ పిల్లలకు పస్తేనా?"

"నిన్ను ఉడకేద్దామన్నారు. ముదురు మాంసం, గ్యాసు దండగన్నాను."

ఆమె నవ్వలేదు. డ్వేన్ పగలబడి నవ్వాడు. "కోళ్ళన్నీ మా చెల్లెలికి ఇచ్చేశావంట కదా! పదిహేను పెట్టలు, ఉత్తపుణ్యానికి! నీకు మతి పోయిందంటోంది అది. గుడ్లు మాత్రం తింటోందిలే."

"తిననీ" అంది ఆర్డిత్. బల్ల మీద షెరీఫ్ ఆఫీసు ఇచ్చిన అనుమతి కాగితం పెట్టింది. "నాకొక పిస్తోలు కావాలి ఆరిన్."

"ఎలాంటిది?"

"ఏదైనా ఫర్వాలేదు. నువ్విచ్చింది తీసుకుంటాను."

బల్ల కింద అరలో, ఆత్మహత్య ఆలోచనలో ఉన్నవాళ్ళను గుర్తుపట్టమని ఆరోగ్యశాఖ వాళ్ళు మా బోటి కొట్లకు పంచిన కరపత్రం ఒకటుంది. మడతల దగ్గర చిరిగిపోయేదాకా చదివాను. పెంచుకున్నవాటిని ఇతరులకు ఇచ్చేయడం అని అందులో ఒక వరుస ఉంటుంది.

"డ్వేన్, నీ బండి దారికి అడ్డంగా ఉంది" అన్నాను.

"నేను నడిచొచ్చాను కదయ్యా."

"అయితే నడిచే వెళ్ళు."

డ్వేన్ నా ముఖం చూసి, ఇంకేదో అనబోయి మానుకుని, కప్పు పట్టుకునే బయటికి పోయాడు.

ఫోను కలవడం లేదన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. అది అనేస్తే ఆమె వెళ్ళిపోతుంది, నేను ఐదో మనిషిని పంపేసినవాణ్ణవుతాను. ఆమె మణికట్టు మీద పొయ్యి తగిలి కాలిన కొత్త మచ్చ, దాని మీద తెల్లటి మందు. చావదలచిన మనిషి మందు రాసుకోదనుకున్నాను. వెంటనే, ఎందుకు రాసుకోదు, రాసుకుంటుంది, అనుకున్నాను. అలవాట్లు మనిషి ఉద్దేశాలను అడిగి పనిచేయవు. ఒకే మచ్చ రెండు రకాలుగా చదవడానికి వీలవడం నన్ను భయపెట్టింది. అందుకే కాబోలు, సాకుకు బదులు ఇంకో మాట వచ్చింది.

"ఆర్డిత్, చచ్చిపోవాలని ఉందా నీకు?"

ఆర్డిత్ తలెత్తి సూటిగా చూసింది.

"పిస్తోలు కొనే అందరినీ ఇలాగే అడుగుతావా?"

"లేదు. ఇంతవరకూ ఎవర్నీ అడగలేదు."

"అయితే నా మొహం అంత అందంగా ఉందన్నమాట."

"కోళ్ళెందుకిచ్చేశావు?"

"రాయ్స్ తిరిగొచ్చాడు" అంది. రాయ్స్ ఆమె మొగుడు. ఏడాది కిందట విడిపోయారు. "వంద గజాల లోపు రాకూడదని కోర్టు కాగితంలో ఉంది. వాడు సరిగ్గా నూటపది గజాల దగ్గర ట్రక్కు ఆపుకుని కూర్చుంటున్నాడు, మా బాట చివర, తెల్లారగానే. కోళ్ళగూడు ఇంటికీ వాడికీ మధ్యలో ఉంది. గింజలెయ్యడానికి వంగితే నా వీపు వాడివైపుంటుంది. పదిహేను కోళ్ళ కోసం రోజూ వాడికి వీపు చూపించాలా?"

"షెరీఫ్‌కు చెప్పావా?"

"చెప్పాను. మనిషి రావడానికి నలభై నిమిషాలు పడుతుందన్నారు. నలభై నిమిషాల్లో నేను రెండొందల రొట్టెలు కాలుస్తాను ఆరిన్."

నాకు ఊపిరాడింది. ఊపిరాడిన మనిషి ఎక్కువ మాట్లాడతాడు. లైల్ గురించి చెప్పాను. అతను అన్న మాట, నా ఆకలి, అన్నీ. "అందుకే ఏదైనా ఫర్వాలేదంటే నాకు భయం. ఉండదలచినవాళ్ళు వంకలు పెడతారు" అన్నాను.

ఆమె విని, కోటు చేతులు పైకి మడుచుకుంది. "సరే, చూపించు."

మూడింటిని తీసి, మ్యాగజైన్లు విడిచి, లోపల తూటా లేదని చూపించి, మెత్తటి గుడ్డ మీద పరిచాను. నేను మొదట ముందుకు జరిపింది చిన్నది. ఆడవాళ్ళకు మగవాళ్ళంతా చూపించేది అదే. చిన్న పిస్తోలు పేల్చినప్పుడు చేతిని గట్టిగా తంతుందనీ, దాని స్ప్రింగు మొండిదనీ తెలిసి కూడా నా చెయ్యి దాని మీదికే పోయింది. తూటా ఎక్కించేటప్పుడు లాగే పైభాగాన్ని ఆమె వెనక్కి లాగబోయింది. కదల్లేదు.

"వేళ్ళతో లాగకు. అరచెయ్యంతా వేసి పట్టుకో, రెండో చేత్తో పిడిని ముందుకు తొయ్యి."

"పిండి పిసికినట్టా?"

"అలాగే."

సగం వచ్చి ఆగింది. "బొమ్మంత లేదు, పొగరు మాత్రం ఉంది. వద్దు." రెండోదాన్ని పట్టుకుని వేలు చాపింది. "ఇది ఎవరి చేతికని చేశారు? రాయ్స్ తమ్ముడికా? వాడివి చేతులు కావు, పారలు."

మూడోది ఏదో పట్నంలో పోలీసులు వాడి మార్చేసుకున్నది. అంచుల దగ్గర నలుపు అరిగింది. ట్రిగ్గర్ తప్ప పట్టించుకోవాల్సిన మీటలేవీ లేవు. ఆమె పిండి పిసికే ఊపుతో తోసింది, పైభాగం చివరిదాకా వెళ్ళి వచ్చింది.

"ఇది నయం. కానీ వెనక ఇక్కడ గుచ్చుతోంది."

పిడి వెనక రేకు తీసి, చిన్నది బిగించి ఇచ్చాను. "కళ్ళు మూసుకో. గోడవైపు చెయ్యి లేపు. ఇప్పుడు కళ్ళు తెరువు. గురి ఎక్కడుంది?"

"ఎదురుగానే" అంది ఆశ్చర్యంగా. "వెతుక్కోనక్కర్లేదు."

"అదే నీది."

ఫారం అందుకోబోయి ఆగిపోయాను. ఆమె పెట్టిన వంకలన్నీ నేను నా కథ చెప్పాక పెట్టినవే. పరీక్షకు ముందు జవాబు నేనే చెప్పాను. రాయ్స్ ట్రక్కు నిజమే కావచ్చు. వంకలు నిజమో కాదో ఇక ఎప్పటికీ తెలియదు.

"ఏమైంది?" అంది ఆర్డిత్.

"నీకు జవాబు నేనే నేర్పాను."

ఆమెకు అర్థమైంది. "నటిస్తున్నానంటావా?"

"తెలియదు."

"ఇవ్వకుండా పంపితే, రేప్పొద్దున వాడు ఆ పది గజాలూ దాటితే?"

"అదీ తెలియదు."

బల్లకు ఇటు లైల్, అటు రాయ్స్. అమ్మితే ఒక చావుకు, అమ్మకపోతే ఇంకో చావుకు నేను దారి తీయవచ్చు. ఇన్నేళ్ళూ నా సిద్ధాంతం నన్ను ఈ చోట నిలబడకుండా కాపాడిందని అప్పుడు తెలిసింది. అది కొనేవాళ్ళ కోసం కాదు, నా కోసం.

ఆర్డిత్ పిస్తోలును గుడ్డ మీద పెట్టింది.

"ఫిబ్రవరిలో అనిపించింది" అంది మెల్లగా. "వాడు ఇల్లు వదిలి వెళ్ళినా భయం పోలేదే, ఇంకెందుకు అని. మంచం మీద పడుకుని ఎలా పోదామా అని ఆలోచిస్తూ ఉన్నాను. ఇంతలో గురువారమని గుర్తొచ్చింది. గురువారం మాంసం, చిక్కుడుగింజల చిల్లీ కూర, దాల్చినచెక్క రొట్టెలూ. పిల్లలు వారమంతా ఎదురుచూస్తారు. లేచి వెళ్ళాను."

"మళ్ళీ అనిపిస్తుందా?"

"నాకేం తెలుసు? అడిగావు కాబట్టి చెబుతున్నా. ఇవాళ లేదు. ఇవాళ భయంగా ఉంది, అంతే. అది కూడా బతకాలనే కదా."

నేను ఒక్క జవాబు కోసం చూస్తున్నాను. ఆమె దగ్గర రెండున్నాయి, రెండూ ఆమెవే. మనిషి ఒకే కోరికతో ఈ బల్ల దగ్గరికి వస్తాడని నేనెందుకు అనుకున్నానో తెలియదు. నాలో ఎప్పుడైనా ఒకే కోరిక ఉందా?

మా వైపు మగవాళ్ళలో ఒక పద్ధతుంది. ఎవరికైనా మనసు బాగుండకపోతే పొరుగువాడో తమ్ముడో వచ్చి, నక్కలు ఎక్కువయ్యాయి, నీ తుపాకులు కొన్నాళ్ళు ఉంచుకుంటానంటాడు. ఇచ్చేవాడికీ తెలుసు, పుచ్చుకునేవాడికీ తెలుసు. వసంతంలో తిరిగిచ్చేస్తాడు. నక్కల మాట ఎవరూ ఎత్తరు. లైల్ మా కొట్టుకు రావడానికి ముందే అతని తుపాకులను తమ్ముడు అలాగే పట్టుకెళ్ళాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు. పదకొండేళ్ళు ఆకలి పేరు చెప్పుకుంటూ వచ్చాను గానీ, ఆ మధ్యాహ్నం లైల్ ఎందుకు వచ్చాడో అడగకపోవడానికి కారణం ఆకలి కాదు. అడిగితే అతను చెబుతాడేమోనని.

ఇది కూడా ఆర్డిత్‌కు చెప్పాను. పైకి అనడం అదే మొదటిసారి. ఆమె ఓదార్చలేదు. అందుకు ఈ రోజుకీ కృతజ్ఞుణ్ణి.

"ఒక మాటివ్వు" అన్నాను. "మళ్ళీ అలా అనిపిస్తే నాకు ఫోన్ చెయ్యి. ఎప్పుడైనా సరే. వచ్చి దీన్ని తీసుకెళ్తాను."

"నువ్వు దీన్ని పట్టుకెళ్ళాక రాయ్స్ వస్తే?"

"నిన్నూ తీసుకెళ్తాను. లోయిస్ ఏదో ఒకటి వండి పెడుతుంది."

"మీ ఆవిడ వంట సంగతి ఊరంతటికీ తెలుసు. బెదిరిస్తున్నావా?" అంది. మొదటిసారి పెదవి కొంచెం కదిలింది. తర్వాత తల ఊపి, "ఇచ్చాను మాట" అంది.

ఫారం నింపింది. తనిఖీ ఆఫీసు ఫోను మొదటిసారే కలిసింది. ఒక పనిరోజు కొట్టు మూసి, కాల్చడం నేర్పడానికి ఆమెను ఊరి బయట కంకర గుంట దగ్గరికి తీసుకెళ్ళాను. యాభై తూటాలు కాల్చింది. ఒక్కటీ అడ్డుపడలేదు. తిరిగి వస్తూ నేను సరైన పని చేశానని అనుకోలేదు. చేశానని మాత్రమే అనుకున్నాను. ఆ తర్వాత వారాల తరబడి, ఇంట్లో ఫోన్ మోగితే లోయిస్ కంటే ముందు నేనే అందుకునేవాణ్ణి.

జనవరి మూడో ఆదివారం మధ్యాహ్నం అది మోగింది.

"ఆరిన్, ఆర్డిత్‌ని. మాటిచ్చాను కదా."

"రాయ్స్ వచ్చాడా?"

"వాడు డిసెంబరు నుంచి రావడం లేదు. ఇది వాడి గురించి కాదు."

"పిస్తోలు పెట్టెకి తాళం వేసి మెట్ల మీద పెట్టు. నువ్వు వంటింట్లోకి వెళ్ళి కూర్చో. ఫోన్ పెట్టెయ్యకు, లోయిస్ మాట్లాడుతుంది." లోయిస్ అప్పటికే నా పక్కకు వచ్చి చెయ్యి చాపింది. అక్టోబరులోనే ఆమెకు అంతా చెప్పాను.

పద్దెనిమిది మైళ్ళు, మంచు మీద. దారిలో నేనేం ఆలోచించానో గుర్తు లేదు. గుర్తు లేకపోవడం నా జీవితంలో అరుదు. బాట చివర ట్రక్కేదీ లేదు. పెట్టె మెట్ల మీద ఉంది. ఆర్డిత్ వంటింట్లో లేదు. కోటు వేసుకుని, తలుపు తెరిచి, గుమ్మంలోనే నిలబడి ఉంది, ఫోను చెవి దగ్గర పెట్టుకుని. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీ ఆవిడ బీన్స్‌లో పంచదార వేస్తుందంట" అంది నాతో.

పెట్టెను ట్రక్కు వెనక పనిముట్ల పెట్టెలో పెట్టి ఇంకో తాళం వేశాను. ఇంటికి తాళం ఆమే వేసుకుంది. బండి ఎక్కాక కూడా లోయిస్ చెప్పేది వింటూనే ఉంది, మధ్యమధ్య ఊఁ కొడుతూ. రెండో కొండ దగ్గర ఫోనులో లోయిస్ గొంతు ఆగిపోయింది. ఫోను వైపు చూసి, మళ్ళీ చెవి దగ్గరే పెట్టుకుంది.

"సిగ్నల్ పోయింది. మళ్ళీ ఎక్కడొస్తుంది?"

"చర్చి మలుపు దాటాక" అన్నాను.