రెండో అంతస్తులో ఎవరూ లేరు

తలుపు తట్టడానికి ముందు ఆరాగారు గుమ్మం దగ్గరున్న చెప్పులు లెక్కపెట్టారు. దరఖాస్తులో ఇద్దరం ఉంటున్నామని రాసి ఉంది. చెప్పులు నాలుగు జతలున్నాయి. అందులో ఒకదాని మీద వేలితో రాస్తే అక్షరాలు పడేంత దుమ్ముంది కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేశారు. అప్పటికీ ఒక జత ఎక్కువే. అట్టకు బిగించిన కాగితం మీద పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకుని, అప్పుడు తలుపు తట్టారు.

ఆయన అసలు పేరు ఆఫీసులో జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అప్పులిచ్చే కంపెనీలూ, ఉద్యోగాలిచ్చే కంపెనీలూ తమ దగ్గరకు వచ్చినవాళ్ళు చెప్పింది నిజమో కాదో తేల్చమని ఒక ఏజెన్సీకి అప్పగిస్తాయి. ఆ ఏజెన్సీ తరఫున ఇరవై ఆరేళ్ళుగా మెట్లెక్కి దిగి ఆరా తీస్తున్న మనిషి ఈయన. ఎంత తిరిగినా, ఎంత కూపీ లాగినా, కాగితం అడుగున రాయాల్సింది ఒక్క మాటే. పాజిటివ్, లేదా నెగటివ్. ఆయన చేతి మీదుగా రెండోదే ఎక్కువ వెళ్ళింది.

తలుపు తీసిన కుర్రవాడికి ఇరవై మూడేళ్ళుంటాయి. ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది, మోటారు సైకిలుకు అప్పు అడిగాడు. గదిలో రెండు మంచాలు, ఒక కుర్చీ, కిటికీకి ఆరేసిన తువ్వాళ్ళు మూడు.

"ఇద్దరని రాశావు. మూడో మనిషెవరు?" అన్నారు ఆరాగారు కూర్చోకుండానే.

"మా ఫ్రెండండీ. రెండు రోజులుంటానని వచ్చాడు. ఇది మూడో వారం. పొమ్మనలేక చస్తున్నాం."

ఇంత తడుముకోకుండా చెప్పేవాళ్ళను ఆరాగారు నమ్మరు. నీళ్ళు నమిలేవాళ్ళను అసలే నమ్మరు. జీతం ఎంతని అడిగారు. కిటికీ గురించీ, ఇంటి యజమాని గురించీ మాట్లాడి, పావుగంట పోయాక మళ్ళీ జీతం ఎంతని అడిగారు. రెండుసార్లూ ఒకే అంకె వచ్చింది. కొంచెం నిరాశపడ్డారు.

కాగితం మడుస్తుంటే కుర్రవాడు తల గోక్కుంటూ అన్నాడు: "అంకుల్, మీరు రోజూ ఇవే చూస్తారు కదా. నేనీ లోను తీసుకోవచ్చంటారా? నెల జీతంలో మూడో వంతు దీనికే పోతుంది."

ఆరాగారి కళ్ళు చిన్నవయ్యాయి. మంచి చేసుకోవడానికి అడుగుతున్నాడేమో అనుకున్నారు. "నన్నడుగుతావేం?"

"ఇంట్లో అడిగితే తిడతారు. కంపెనీవాళ్ళనడిగితే తీసుకోమనే అంటారు. ఇంకెవర్ని అడగను?"

ఆ మాటలో ఎక్కడా లొసుగు కనబడలేదు. "ముందు నాలుగైదు నెలల ఖర్చు విడిగా దాచుకో," అన్నారు ఆయన, ఎవరైనా వింటారేమోనన్నట్టు గొంతు తగ్గించి. "ఉద్యోగం ఊడినా కాళ్ళ కింద నేల ఉండాలి. ఆ తర్వాత కొనుక్కో బండి. అది ఎక్కడికీ పోదు." మెట్లు దిగుతూ పాజిటివ్ అని రాశారు. రాస్తుంటే పొద్దున ఇంట్లో జరిగింది గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

పొద్దున కూతురు కూడా ఇలాంటిదే అడిగింది. డబ్బు జాగ్రత్త చేసుకోవడం ఎలాగో కుర్రకారుకు సలహా చెప్పే ఒక కంపెనీలో ఆమెకు ఉద్యోగం ఖాయమైంది. రెండు పరీక్షలు రాసి, మూడు ఇంటర్వ్యూలకు వెళ్ళి, ఇరవై రెండేళ్ళకే తెచ్చుకున్న ఉద్యోగం. చేరమనే ఉత్తరం వారంలో వస్తుందన్నారు. పన్నెండు రోజులైనా రాలేదు. "నాన్నా, మొదటి జీతం రాగానే ముందు ఏం చెయ్యాలి?" అని ఆమె అడిగితే ఆయన షూ లేసు కట్టుకుంటూ, "ముందు ఆ ఉత్తరం రానీ. అసలు ఆ కంపెనీ ఉందో లేదో," అన్నారు. ఆమె ఏదో చెప్పబోయి ఆగింది. ముక్కూ మొహం తెలియని వాడికి చెప్పిన నాలుగు ముక్కలు కన్నకూతురికి చెప్పలేకపోయానే అని ఆయనకిప్పుడు అనిపించింది. అయితే అలా అనిపించడం కూడా ఆయనకు కొంచెం అనుమానంగానే ఉంది.

మధ్యాహ్నం భోజనం మానుకుని ఆ కంపెనీ ఉన్న వీధికి వెళ్ళారు. ఇందులో ఆయన తప్పేమీ లేదనుకోవాలి. పిల్ల జీవితం దాని మీద ఆధారపడి ఉంది, ఆయనకు చేతనైన ప్రేమ ఇదొక్కటే. ఎదురుగా జిరాక్సు కొట్టు ముందు నిలబడి అరగంట సేపు ఆ గుమ్మాన్ని చూశారు. దొంగ కంపెనీల సంగతి ఆయనకు కొట్టిన పిండి. వాటి ముందు కుండీల్లో మొక్కలు ఎండిపోయి ఉంటాయి. వాటిలో పనిచేసేవాళ్ళు ఇంటి నుంచి అన్నం డబ్బాలు తెచ్చుకోరు, మధ్యాహ్నం దాకా కంపెనీ ఉంటుందో లేదో వాళ్ళకే తెలియదు. ఇక్కడ మొక్కలు పచ్చగా ఉన్నాయి. లోపల కిటికీ పక్కన నలుగురు అమ్మాయిలు డబ్బాలు విప్పుకుని తింటున్నారు.

"ఈ కంపెనీ ఎన్నేళ్ళ నుంచి ఉంది?" అని జిరాక్సు కొట్టాయన్ని అడిగారు.

"తొమ్మిదేళ్ళు. నెల నెలా నా బిల్లు ఒకటో తారీకుకల్లా కడతారు. మీరెవరు?"

"ఊరికే," అన్నారు ఆరాగారు.

తృప్తి చాలక లోపలికి కూడా వెళ్ళారు, దాచుకున్న డబ్బుకు సలహా కావాలని. మెడలో కార్డు వేసుకున్న అమ్మాయొకతె కుర్చీ చూపించి, మంచినీళ్ళిచ్చి, నెలకు ఎంత మిగులుతుందనీ, ఇంట్లో ఎంతమందనీ అడిగింది. ప్రశ్నలన్నీ ఆయన పొద్దున కుర్రవాణ్ణి అడిగినవే. ఇద్దరమని చెప్పారు. ఎందుకు ఒకటి తగ్గించి చెప్పారో ఆయనకే తెలియదు. అడిగినవాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పడమనేది ఆయన ఒంటికి పడదు, అంతే. ఆ అమ్మాయి నవ్వుతూ రాసుకుంది. కంపెనీ నిఖార్సయినదే. మరి ఉత్తరం ఎందుకు రాలేదు? ఏజెన్సీకి తిరిగొచ్చేదాకా ఆ ప్రశ్న ఆయన బుర్ర తొలుస్తూనే ఉంది.

సాయంత్రం నాలుగింటికి ఆయన బల్ల మీద నెగటివ్ కాగితాల కట్ట పెట్టి వెళ్ళాడు గుమాస్తా. పదిహేను రోజులకోసారి, ఎప్పుడో పంపేసిన నెగటివ్‌లన్నిటి మీదా సీనియర్‌గా ఈయన సంతకం పడాలి. పక్షపాతం ఉండకూడదని వాటి మీద మనుషుల పేర్లుండవు, నంబర్లే. ఆ పద్ధతి పెట్టించింది కూడా ఈయనే. ఊరికి ఉత్తరాన ఉన్న పేటల్లో తనిఖీలు చేసే పొడుగాయన రాసిన కాగితమొకటి బయటికొచ్చింది. అమ్మాయి, ఇరవై రెండేళ్ళు, ఉద్యోగానికి ముందు చిరునామా తనిఖీ. 'కింద కుట్టుపని చేసే ఆవిడను అడిగితే రెండో అంతస్తులో ఎవరూ లేరంది. రెట్టించి అడిగినా అదే మాట. ఎదుటి ఇస్త్రీ కొట్టతను అలాంటి కుటుంబాన్ని ఎరగనన్నాడు. పైకి వెళ్తే తలుపుకు పేరు లేదు, తాళం వేసి ఉంది. చెప్పిన చిరునామాలో మనిషి లేరు. నెగటివ్.' పేజీ నిండా రాయవలసినదాన్ని ముక్కుసూటిగా అయిదు వాక్యాల్లో రాశాడు. భేష్ అనుకుని ఆరాగారు సంతకం మొదలుపెట్టారు. సగం సంతకమయ్యాక ఆయన చూపు ఇంటి నంబరు మీద పడింది.

ఆ నంబరు ఆయన ఇంటిదే.

నంబరు కింద వేలు పెట్టి మళ్ళీ చదివారు. కుట్టుపని ఆవిడకు ఆ మాట నేర్పింది ఎవరో ఆయనకు వేరే చెప్పాలా? పదకొండేళ్ళ క్రితం ఆ ఇంట్లో దిగిన వారంలోనే చెప్పారు. "నా పనే అది కాబట్టి చెబుతున్నానమ్మా. మేం మీలాంటివాళ్ళ నోట్లోంచే అంతా లాగుతాం. మా గురించి ఎవరొచ్చి అడిగినా పైన ఎవరూ లేరనండి, మాకు తెలియదనండి." ఇస్త్రీ అతనికీ అదే చెప్పారు. ఏడాదికోసారి గుర్తు కూడా చేస్తుండేవారు. ఆఫీసులోనైతే తన ఇల్లు ఫలానా పేటలో అని ఇన్నేళ్ళలో ఎవరి చెవినా వెయ్యలేదు. ఆయన ఇల్లని తెలిస్తే పొడుగాయన ఒక్క ఫోను చేసి ఉండేవాడు.

మేనేజరమ్మ గదికి వెళ్ళి, ఈ కాగితంలో పొరపాటుందన్నారు.

"పొరపాటేంటండీ? ఎంత శుభ్రంగా రాశాడు."

"మళ్ళీ ఒకసారి మనిషిని పంపితే..."

ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఒకసారి నెగటివ్ వెళ్ళాక రెండోసారి వెళ్ళొద్దన్నది మీరే కదా. రెండోసారి వెళ్ళేది లంచం కోసమేనని మీటింగులో అందరి ముందూ అన్నారు. ఎవరిదండీ ఇది, మీకు తెలిసినవాళ్ళదా?"

తెలిసినవాళ్ళదే అనడానికి నోరు రాలేదు. సంతకంలో మిగతా సగం ఆయన పెట్టలేదు గానీ, దానివల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు.

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుగుంది. కుట్టుపని ఆవిడ మిషను ముందు కూర్చుని ఆయన్ను చూడగానే గొంతు తగ్గించింది. "చెప్పడం మరిచాను. పది రోజులైందేమో, ఒక పొడుగాటాయన వచ్చాడండీ మీ గురించి. మీరు చెప్పినట్టే చెప్పాను. ఎన్ని రకాలుగా అడిగాడనుకున్నారు. నా దగ్గర ఆ పప్పులుడకవు."

పదకొండేళ్ళ నమ్మకాన్ని నిలబెట్టినందుకు ఆవిడ మొహం వెలిగిపోతోంది. ఆమెను ఏమనగలరు? "మంచిదమ్మా," అని మెట్లెక్కారు.

పైన ముందు గదిలో పెట్టె తెరిచి ఉంది. కూతురు బట్టలు మడతపెడుతోంది, భార్య దువ్వెనలూ సబ్బులూ అందిస్తోంది. ఇద్దరూ తల తిప్పలేదు.

"ఉత్తరం వచ్చింది నాన్నా," అంది కూతురు. "మధ్యాహ్నం మెయిల్లో వచ్చింది. రేపే చేరాలి."

"ఎలా వచ్చింది? నెగటివ్ కదా..." అని నాలుక కరుచుకున్నారు.

అప్పుడు తిరిగి చూసింది. ఆయనకు తెలుసునని ఆమెకు అర్థమైంది. "మొన్న కంపెనీవాళ్ళు ఫోను చేశారు, మీ ఇంట్లో ఎవరూ లేరటగా అని. ఇంకో చిరునామా ఉంటే ఇమ్మన్నారు. ఆఫీసు దగ్గర ఆడపిల్లల హాస్టల్లో గది తీసుకుని అది ఇచ్చాను. నిన్న తనిఖీకి వచ్చి వెళ్ళారట."

"నిన్న నువ్విక్కడే ఉన్నావు."

"అబద్ధం కాకూడదనే ఇవాళ వెళ్తున్నాను."

"మధ్యలో ఒక రోజు..." అన్నారు ఆరాగారు, ఇరవై ఆరేళ్ళ అలవాటు కొద్దీ.

భార్య చేతిలో సబ్బుపెట్టె ఠక్కున పెట్టెలో పడింది. "ఆ ఒక రోజు మీద కూడా రాయండి నెగటివ్ అని," అంది. "పిల్ల పన్నెండు రోజులు ఎదురుచూసింది. ఒక్కపూట కూర్చోబెట్టుకుని ఏమైందమ్మా అని అడిగారా? ఆ కంపెనీ చుట్టూ మాత్రం ఏ పూటో తిరిగే ఉంటారు."

కూతురే అంది, నెమ్మదిగా: "పోనీలే అమ్మా."

"ఆ హాస్టలావిడకు నువ్వెన్నాళ్ళ నుంచి తెలుసు?" అన్నారు ఆయన.

"గది చూడ్డానికి వెళ్ళినప్పుడు ఒక పది నిమిషాలు."

"పది నిమిషాలకే నీ గురించి ఏం చెప్పింది?"

"ఉంటుంది, మంచి పిల్ల అని చెప్పిందట."

అంత నిర్లక్ష్యమా అని ఆరాగారికి ఒళ్ళు మండింది. ఆ వెంటనే ఆ ముక్కు మొహం తెలియని ఆడమనిషి మీద చెప్పలేనంత అసూయ పుట్టింది. అసూయ తగ్గాక సిగ్గేసింది. రేపు పొద్దున్నే మీ ఆఫీసుకు వచ్చి మాట్లాడతాను, ఇక్కడే ఉండమ్మా అన్నారు.

"ఏమని మాట్లాడతారు? మీరు మా నాన్నేనని వాళ్ళకెవరు చెప్పాలి? కింద ఆంటీనా?" అంది కూతురు. వెక్కిరించడానికి అన్నట్టు లేదు, నిజంగానే అడిగినట్టుంది. పెట్టె జిప్పు పట్టకపోతే ఆయన వంగి మోకాలితో నొక్కి పట్టుకున్నారు, ఆమె లాగింది. ఆ సాయంత్రం ఆయన ఆమెకు చేయగలిగిన సాయం అదొక్కటే.

టాక్సీ వచ్చింది. గది సర్ది వస్తానని భార్య కూడా ఎక్కింది. డ్రైవరు లైసెన్సు అడగాలని ఆరాగారికి నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశారు. "ఆ జీతం సంగతి," అన్నారు కిటికీ దగ్గర వంగి. "రాగానే మొదట నాలుగైదు నెలల ఖర్చు..."

"విడిగా దాచుకోవాలి," అంది కూతురు. "రేపటి నుంచి నేను అందరికీ చెప్పేది అదే నాన్నా." చెయ్యి బయటికి చాపి ఆయన చొక్కా జేబులో వంకరగా ఉన్న పెన్సిలు సరిచేసింది. టాక్సీ మలుపు తిరిగేదాకా చూశారు ఆయన. మిషను చప్పుడు ఆగింది. ఎవరెళ్ళారని కుట్టుపని ఆవిడ అడగలేదు. ఆయన నేర్పిన పద్ధతే అది.

పైకి వచ్చి దీపం వేస్తే భోజనాల బల్ల మీద గోధుమరంగు కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి కనబడింది. పైన ఏమీ రాసి లేదు. వెంటనే విప్పలేదు. చేత్తో బరువు చూశారు, చెవి దగ్గర పెట్టుకుని కదిపారు. లోపల చిన్న ఇనుప చప్పుడైంది. దారం ముడి విప్పి బిల్లు ముందు చదివారు. తారీకు మొన్నటిది, హాస్టల్లో గది తీసుకున్న రోజుది. బిల్లు కింద ఇత్తడి పలక ఉంది. తలుపుకు బిగించే పలక. ఇంటి నంబరు, దాని కింద నల్లటి అక్షరాల్లో ఆయన పేరు, ఆ కింద ఆయన భార్య పేరు. మూడో పేరు ఎక్కడైనా ఉందేమోనని వెనక్కి తిప్పి కూడా చూశారు. పలక నాలుగు మూలలా కూతురు నాలుగు చిల్లులు పెట్టించి, మేకులు పోకుండా చిన్న కాగితంలో మడిచి, పలక వెనకాల టేపుతో అతికించింది.