సంతాపం తర్వాతి తీర్మానం

సదానందం సారు దహనం అయిన తెల్లారే కాలేజి వాట్సాప్ గ్రూపుల సర్క్యులర్ పడ్డది. తిరుమల దాన్ని షేరాటోల కూసొని చదివింది. శనివారం స్టాఫ్ కౌన్సిల్ మీటింగు. మొదటి అంశం, రిటైర్డు ప్రొఫెసర్ సదానందం గారి మృతికి సంతాపం. రెండో అంశం, కౌన్సిల్ సభ్యత్వాన్ని పర్మనెంటు అధ్యాపకులకు మాత్రమే పరిమితం చేయుట.

మొదటిది చదువంగ ఆమెకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. రెండోది చదివినంక అవి ఆగిపోయినయి.

తిరుమల లెక్కల పాఠం చెప్తది. ఎల్లంపల్లి యూనివర్సిటీకి గోదావరిఖనిల ఉన్న పీజీ కాలేజీల చేరి పదేండ్లు దాటింది. ఇప్పటికీ కాంట్రాక్టే. ఏటా ఎండాకాలం ఉద్యోగం ఆగుతది, జూన్‌ల రెన్యూవల్ ఆర్డరొస్తే మళ్ళ మొదలైతది. ఆ కాలేజీల పర్మనెంటోళ్ళు నలుగురే మిగిలిన్రు. తక్కిన పద్దెనిమిది మంది తిరుమల అసొంటోళ్ళే.

ఒకప్పుడు వీళ్ళకు కౌన్సిల్‌ల కుర్చీ లేకుండె. ఏ కోర్సు నడవాలె, ఏది ఆగాలె, ఏ గది ఎవలకియ్యాలె, అన్నీ కౌన్సిలే తేలుస్తది. జియాలజీ చెప్పే సదానందం సారు దానికి సెక్రటరీ అయినంక పద్ధతి మార్చిండు. ఏడాది పాఠం చెప్పినోళ్ళెవలైనా సరే, ఒక వోటు. అది ఉత్తగ రాలే. తోటి ప్రొఫెసర్లు ఆయనతోని మాట్లాడుడు బంద్ పెట్టిన్రు. స్టాఫ్ రూంల ఒక్కడే టీ తాగేటోడు. ఆయన తండ్రి బాయిల బొగ్గు నింపిన మనిషి. "బాయిల దిగేటోనికి యూనియన్ ఎన్నికల్ల వోటుంటది. క్లాసుల నిలబడేటోనికి ఎందుకుండొద్దు?" అని ప్రతి మీటింగుల అడిగిండు. అడిగీ అడిగీ ఆఖరికి గెలిచిండు.

ఆ వోట్లతోనే జియాలజీ ఇంకా బతికున్నది. పిల్లలు తక్కువైన్రు, ఆ బ్లాకు ఖాళీ చేస్తే ఫీజులతోని నడిచే ఎంబీఏ పెట్టుకోవచ్చు అని యూనివర్సిటీ పైనుంచి ఒత్తిడి చేస్తున్నది. ప్రిన్సిపాల్ జైపాల్ ఆ ప్రతిపాదన రెండుసార్లు కౌన్సిల్‌కు తెచ్చిండు, రెండుసార్లు ఓడిపోయింది. జైపాల్ కూడ సదానందం సారు దగ్గర చదువుకున్నోడే.

తిరుమల ఆటో దిగంగనే బద్రుద్దీన్‌కు ఫోన్ చేసింది. బద్రుద్దీన్ జియాలజీ కాంట్రాక్టు లెక్చరర్. సారు దవాఖానల ఉన్నన్ని రోజులు రాత్రులు పక్కన పండుకున్నది అతనే. గోదారి ఒడ్డుకు పోయేదాక పాడె మోసిండు.

"సర్క్యులర్ చూసినవా అన్నా?"

"చూడలే చెల్లె. ఫోన్ పట్టబుద్ధి అయితలేదు. ఏముంది అండ్ల?"

ఆమె చదివి వినిపించింది.

"సారు బూడిద ఇంకా సల్లారనే లేదు," అన్నడు బద్రుద్దీన్.

"సల్లారకముందే కానిద్దామని చూస్తున్రు. కాని అన్నా, నియమం మార్చాలంటె కౌన్సిల్‌ల మూడింట రెండొంతుల మంది చెయ్యెత్తాలె. వాళ్ళు నలుగురే. మనం ఎత్తకుంటె అయిపాయె. ఏం కొట్లాడేది లేదు, ఉత్తగ చేతులు కిందవెట్టుకొని కూసుండాలె. గంతే."

అది అంత అల్కగ అనిపించింది ఆమెకు. ఆ ఆశతోనే రెండు రోజులు ఎండల తిరిగింది. ఏప్రిల్ ఆఖరు. ఖనిల రోడ్లు పెనం లెక్క కాలుతున్నయి. ఓపెన్‌కాస్టు బొగ్గుబాయి దిక్కునుంచి దుమ్ము లేచి కండ్లల్ల పడుతున్నది. కామర్స్ చెప్పే రుత్విక్ ఇంటికి పోతే, "అక్కా, మన వోటు మనమే ఎట్ల వద్దంటం? పాగల్ గాళ్ళమా?" అన్నడు. అట్లనే ఒకరి ఎనుక ఒకరు మాటిచ్చిన్రు. తెలుగు చెప్పే పూలమ్మ ఒక్కతే వేరే తీరుగ మాట్లాడింది. ఆమె అందరికన్న పెద్దది.

"నీ ముందట అబద్ధం చెప్పలేను తిరుమల," అన్నది పూలమ్మ, మంచినీళ్ళ గిలాస చేతికిచ్చుకుంట. "నేను చెయ్యెత్త. అట్లని లేచి కాదని కూడ అన. నాకు భయమైతది. మిగిలిన రెండేండ్లు నడిస్తే చాలు."

"భయం అందరికున్నది అక్కా."

"ఉంటది. నీక్కూడ ఉండాలె. ఎందుకు లేదు?"

తిరుమలకు లేక కాదు. ఇంట్ల భర్త సదయ్య ఆటోమొబైల్ షాపు మూతపడి ఆర్నెల్లాయె. ఆ ఇల్లు ఇప్పుడు ఆమె జీతం మీదనే నడుస్తున్నది. అయినా గిలాస కిందవెట్టి లేచింది.

శుక్రవారం ప్రిన్సిపాల్ చాంబర్‌కు పోయింది. జైపాల్ లేచి కుర్చీ చూపిచ్చిండు. మర్యాద తెలిసిన మనిషే.

"సార్, ఒక్కటే అడుగుత. రెండో అంశం వచ్చే నెలకు మార్చున్రి. ఆ మనిషికి సంతాపం చెప్పిన నోటితోనే ఆయన చేసిన పనిని తీసెయ్యొద్దు."

"మేడం, సారు నాకు గురువు. నాకు మాత్రం బాధ లేదా? కాని యూనివర్సిటీ నుంచి తారీకు ఇచ్చిన్రు. పైగా ఎండాకాలంల మామూలు మీటింగు పెడ్తే ఎవలొస్తరు? సారు సంతాపమంటె అందరొస్తరు. నాకు కోరం గావాలె."

తిరుమల బిత్తరపోయి చూసింది. అతను ఆ మాట సిగ్గు లేకుండ అనలే, దాచిపెట్టి కూడ అనలే. పనిల పని అన్నట్టు అన్నడు.

"మీ అందరి రెన్యూవల్ ఫైలు నా దగ్గర్నే ఉన్నది," అన్నడు మళ్ళ, మెల్లగ. "మీటింగు అయిపోతె సోమవారం పంపిస్త. నేను మిమ్ముల బెదిరిస్తలేను మేడం. ఉన్నది చెప్తున్న."

"మీకు దండం పెడ్త సార్."

"అట్లనకున్రి," అని జైపాల్ కిటికీ దిక్కు చూసిండు.

శనివారం హాలు నిండింది. ముందు టేబుల్ మీద సదానందం సారు ఫోటో, బంతిపూల దండ. జైపాల్ సంతాప తీర్మానం చదివిండు. చదువుకుంట మధ్యల ఆగి కండ్లు తుడుసుకున్నడు. అది నటన కాదని తిరుమలకు తెలిసింది. అందరు లేచి మౌనం పాటిచ్చిన్రు. కూసున్నంక కుర్చీల చప్పుడు అణగకముందే రెండో అంశం చదివిన్రు.

తిరుమల లేచింది. "చీటీలు వేద్దాం సార్. చేతులెత్తుడు వద్దు."

"మనల మనకు దాపరికమేంది మేడం?" అన్నడు జైపాల్. "ఎత్తున్రి చేతులు."

పర్మనెంటోళ్ళు నలుగురు ఎత్తిన్రు. ఎనుక వరసల నుంచి రుత్విక్ చెయ్యి లేచింది. తల మాత్రం వంచుకొని ఫోన్ చూస్తున్నడు. అతని పక్కోడు ఎత్తిండు. తర్వాత రెండు కలిసి లేచినయి. ఇగ ఆగలే. వాన చినుకులు మొదలైతె ఒక్కొక్క గొడుగు తెరిసినట్టు వరసంత లేచింది. తిరుమల బద్రుద్దీన్ దిక్కు తిరిగింది. అతను సారు ఫోటోనే చూస్తున్నడు. చూసుకుంటనే చెయ్యెత్తిండు. మోచెయ్యి పూర్తిగ సాగలే, సగంల ఆగింది. కాని లెక్కవెట్టే క్లర్కు దాన్ని కూడ లెక్కవెట్టిండు.

చెయ్యెత్తనిది ఇద్దరే. తిరుమల, పూలమ్మ.

బయట బైకుల కాడ బద్రుద్దీన్ ఆమె కోసం ఆగిండు. తిరుమల మాట్లాడకుండ దాటిపోబోయింది.

"ఒక్కమాట విను చెల్లె."

"ఏం వినాలె అన్నా? రేపు వాళ్ళు నలుగురు కూసొని జియాలజీనే మూస్తరు. నీ సబ్జెక్టే అది! సారు సబ్జెక్టు! గంత తెల్వదా?"

"ఎరుకే." అతని కండ్లు ఎర్రగున్నయి. "నిన్న జైపాల్ సార్ పిలిచిండు చాంబర్‌కు. మూసినా నిన్ను వేరే దాంట్ల సర్దుత, ఫికర్ చెయ్యకన్నడు. నాకు యాభై దగ్గరికొచ్చినయి. ఇంకెవలు పెట్టుకుంటరు నన్ను? మా ఇంటామె షహజాదీ చెయ్యెత్తొద్దనే అన్నది. వద్దన్నదే గాని, రాత్రంత ఆమెకు నిద్ర లేదు."

"సారు దగ్గర నెల రోజులు పండుకున్నవు గదన్నా."

"పండుకున్న. ఆయన ఉంటె నామీద కోపం చెయ్యకపోతుండె. 'పోనీలేరా' అనేటోడు. ఆ ధైర్యంతోనే ఎత్తిన. నువ్వు కోప్పడ్తవని తెలుసు. నిన్ను చూడకుండ ఫోటోనే చూసిన."

తిరుమల అతన్ని తిట్టకుండనే గేటు దిక్కు నడిచింది.

పదిరోజులు తిరగకముందే కొత్త కౌన్సిల్ మీటింగు. నలుగురే సభ్యులు, జియాలజీ మూసుడు ఒక్కటే అంశం. తిరుమల ముందటి రాత్రి కాంట్రాక్టోళ్ళ గ్రూపుల పెట్టింది: "వోటు లేకున్నా పోయి హాలుల కూసుందాం. మన ముందట మూయమందాం." అందరు చూసిన్రు. ఎవలూ జవాబియ్యలే. తెల్లారి ఆమె ఒక్కతే పోయి ఎనుక వరసల కూసున్నది. కొంచెంసేపటికి బద్రుద్దీన్ వచ్చిండు. వచ్చి ఆమె పక్క కుర్చీ వదిలి, ఆ పక్క దాంట్ల కూసున్నడు.

జైపాల్ తలుపు కాడ ఆగిపోయిండు. "మీరు మెంబర్లు కాదు."

"కాదు సార్," అన్నది తిరుమల. "ఏం మాట్లాడం. కూసుంటం."

"బద్రుద్దీన్, నువ్వన్నా చెప్పు మేడంకు."

బద్రుద్దీన్ లేచి నిలబడ్డడు. చేతులు కట్టుకున్నడు, చదువుకునే పిలగాని లెక్క. "సార్, ఒక్క ఏడాది ఆపున్రి. ఈసారి పిల్లలను నేను తెస్త. ఊరూరు తిరుగుత. మంథని పోత, కాసిపేట పోత, గోలేటి పోత. సీట్లు నింపకుంటె అప్పుడు మూసున్రి. మీ కాళ్ళు మొక్కుత సార్." నిజంగనే వంగబోయిండు. తిరుమల అతని భుజం పట్టి ఆపింది.

జైపాల్ ముఖం మాడిపోయింది. తోటోళ్ళు ముగ్గురిని తీసుకొని తన చాంబర్‌కు పోయి లోపలినుంచి గడియ పెట్టుకున్నడు. వీళ్ళిద్దరు ఖాళీ హాలుల ఫ్యాన్ల కింద కూసున్నరు. బద్రుద్దీన్‌కు చెమటలు ఆగుతలేవు. టీ చల్లారేంత సేపన్నా పట్టలే, అటెండరొచ్చి చెప్పిండు, అయిపోయిందని.

జూన్‌ల రెన్యూవల్ ఆర్డర్లొచ్చినయి. తిరుమల పేరున్నది. తన పేరు ఉండదనే ఆమె అనుకున్నది. కాని లెక్కలు చెప్పేటోళ్ళు దొరుకుడు కష్టం, అందుకే ఉంచిన్రని తర్వాత తెలిసింది. బద్రుద్దీన్ పేరు లేదు. అతను జైపాల్‌ను అడగబోతె, "నేను రాసి పంపిన, పైన కొట్టేసిన్రు," అన్నడట. అది నిజమేనేమో కూడ. బద్రుద్దీన్ ఇప్పుడు ఓపెన్‌కాస్టు కాడ మట్టి తీసే కాంట్రాక్టరు దగ్గర లారీల ట్రిప్పులు రాస్తున్నడు. షిఫ్టు డ్యూటీ. తిరుమల ఫోన్ చేస్తె షహజాదీ బేగం ఎత్తి, పండుకున్నడని చెప్తది.

జూలైల సారు దగ్గర చదువుకున్న పాత విద్యార్థులు కాలేజీల సంస్మరణ సభ పెట్టిన్రు. సారు భార్య సమ్మవ్వను పిలిచిన్రు. ఆమె వేదిక మీద కొద్దిసేపు కూసున్నది. ఒకరి తర్వాత ఒకరు సారును పొగుడుతుంటె వినలేకనో ఏమో, లేచి బయటికొచ్చింది. తిరుమల ఎనుకనే పోయింది.

"ఏమైంది అవ్వ?"

"ఏం లేదు బిడ్డ. ఇంటికాడ ఎప్పుడు చూసినా ల్యాబు, ల్యాబు అనేటోడు. నేను ఒక్కనాడు చూడలే. చూపియ్యరాదు?"

తిరుమల అడుగు పడలే. సమ్మవ్వ అప్పటికే వరండాల నడుస్తున్నది. ఎటని అడగకుండనే జియాలజీ బ్లాకు దిక్కు పోయింది. ఆయన చెప్పంగ చెప్పంగ దారి తెలిసినట్టున్నది. తలుపు మీద ఎంబీఏ అని కొత్త బోర్డు. లోపల గోడలకు రంగు వేసిన్రు, వరసలు కట్టి కొత్త కుర్చీలు పెట్టిన్రు. రంగు వాసన ఇంకా పోలే.

"ఇదేనా?"

"ఇదే అవ్వ. ఇప్పుడు లేదు. బంద్ చేసిన్రు."

"ఎవలు బంద్ చేసిన్రు?"

జైపాల్ పేరు చెప్పొచ్చు. యూనివర్సిటీ పేరు చెప్పొచ్చు. కాని ఆ హాలుల లేచిన చేతులన్ని తిరుమలకు తెలిసినోళ్ళయే. అండ్ల ఒక్కరిని కూడ పేరు పెట్టి చెప్పబుద్ధి కాలే.

"మేమే అవ్వ," అన్నది. "మా వోటు మేమే ఇచ్చేసినం. ఆ తర్వాత ఇదీ పోయింది."

సమ్మవ్వకు ఎంతవరకు అర్థమైందో తెల్వదు. కిటికీ ఊచలు పట్టుకొని లోపలికి చూసింది.

"ఆయన చూడకుండనే పాయె," అన్నది. "అదొక్కటే మంచిగయింది."

కాళ్ళు గుంజుతున్నయని మెట్టు మీద కూలబడ్డది. తిరుమల పక్కన కూసున్నది. హాలుల నుంచి మైకుల ఆమె పేరు పిలుస్తున్నరు, తిరుమల మేడం వచ్చి సారు గురించి రెండు ముక్కలు చెప్పాలె అని. ఇంకోసారి పిలిచిన్రు. ఆమె లేవలే. కొద్దిసేపు ఆగి, ఇంకెవలో మాట్లాడుడు మొదలువెట్టిన్రు.