బట్టల తీగ కొక్కెం

మే ఎనిమిదో తేదీ, సెలవు రోజు. ఎండు పుట్టగొడుగులు వేసి కాచిన బంగాళాదుంప సూప్, నల్ల రొట్టె తిని రాడొవాన్ పెరట్లోకి వచ్చాడు. సూప్ రుచి ఇంకా నాలుక మీదే ఉంది. సూదుల్లాంటి ఆకుల స్ప్రూస్ చెట్టుకు తగిలించిన తన కోటు కదులుతున్నట్టు కనిపించింది.

గాలి లేదు. దగ్గరికి వెళ్లి చూస్తే, జేబు మీద బియ్యపు గింజంత నల్ల పురుగులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. స్ప్రూస్ చెట్లను నిలువునా ఎండబెట్టే బెరడు పురుగులు. పైన ఎండలో ఇంకా ఎన్నో గిరికీలు కొడుతున్నాయి.

ఆయన జేబు విప్పి చూశాడు. పొద్దున అడవి నరికిన మైదానంలో పురుగుల బోనులకు ఎర పొట్లాలు కట్టి వచ్చాడు. మిగిలిన ఒక్కటీ జేబులో వేసుకున్నాడు. జేబులోని చాకు తగిలి అది చిరిగినట్టుంది. మంచి చెట్టు దొరికితే తనవాళ్లను పిలవడానికి ఆ పురుగు వదిలే వాసనే ఆ పొట్లంలో ఉండేది. ఆ వాసన నిలబడి ఉన్న స్ప్రూస్ దరిదాపుల్లోకి కూడా రాకూడదని షుమవా కొండల్లో కుర్ర అటవీ కాపలాదారులకు నేర్పింది రాడొవానే. ఇప్పుడు తన చేతులతో తనే దాన్ని చెట్టుకు తగిలించాడు.

కోటు చెట్టుకే తగిలించాలని ఆయన భార్య ఒటీలియా పెట్టిన నియమం. "ఆ కంపు కోటు గడప దాటి లోపలికి రావడానికి వీల్లేదు" అనేది. బట్టల తీగ కట్టుకోవడానికి ఈ చెట్టుకు ఆమె కొట్టించిన కొక్కేన్ని బెరడు సగం మింగేసింది. ఆమె పోయాక కూడా ఆయన కోటు అక్కడే తగిలిస్తున్నాడు.

"ఏమయ్యా, సెలవు పూట చెట్టుతో మంతనాలేంటి?" కంచె అవతల నుంచి హెడ్విక అడిగింది. ఒటీలియాకు అక్క. ఆ కంచె దాటితే ఆమె అడవే. వరస కరువుల తర్వాత మిగిలిన కాస్త అడవి.

"వదినా, మూత గట్టిగా పట్టే సీసా ఒకటి పట్టుకురా. నీ క్రోషే సూది కూడా."

వచ్చి చూసిన హెడ్విక నవ్వు ఆగిపోయింది. బెరడు పగుళ్లలో పురుగులు తొలిచిన పొట్టు కాఫీ పొడిలా రాలుతోంది.

"ఎరను జేబులో పెట్టుకుని తిరిగావా? ఊరందరికీ పాఠాలు చెప్పే మనిషివి!"

"పెట్టుకున్నాను."

"నా అడవి పక్కన! రంపం తియ్యి. ఇప్పుడే కోసి బెరడు ఒలిచేద్దాం."

"పొద్దు వాలేదాకా ఆగు వదినా. శీతాకాలం మంచు బాగా పడింది, చెట్టు ఒంట్లో నీళ్లున్నాయి. బంక పొంగితే పురుగు అందులోనే చస్తుంది."

"పొంగకపోతే? లోపల కుదురుకున్న ప్రతి పురుగూ మళ్లీ తనవాళ్లను పిలుస్తుంది. నాకు తెలీదనుకున్నావా?"

"పొంగకపోతే నేనే కోస్తాను. నువ్వు చెప్పాల్సిన పని లేదు."

హెడ్విక కొక్కెం వైపు చూసింది. "సీసా ఇదిగో. ముందు ఆ దరిద్రాన్ని ఇక్కణ్ణుంచి తీసుకెళ్లు" అంది.

పొట్లాన్ని సీసాలో బిగించి, మైదానంలోని బోను దాకా పరుగులాంటి నడకతో వెళ్లి వచ్చాడు రాడొవాన్. అప్పటికి హెడ్విక సబ్బునీళ్ల బకెట్లో కోటు ముంచి, తేలిన పురుగులను తిట్టుకుంటూ నలుపుతోంది. ఆయన కనిపించిన ప్రతి రంధ్రం చుట్టూ సుద్దతో గీశాడు. లోపలి పురుగులను సూదితో పొడుస్తూ పైకి వెళ్లాడు. నిచ్చెన కింద ఆమె పట్టుకుంది.

ఎండ చల్లబడింది. పురుగుల రాక ఆగింది. సుద్ద గీతల్లో ఒక్కొక్కచోటే బంక మెరవసాగింది. కొక్కెం కిందున్న రంధ్రం మాత్రం పొడిగానే ఉంది. సూదికి ఏమీ తగల్లేదు. వేలు పెడితే పొట్టే అంటింది.

రాడొవాన్ షెడ్డులోకి వెళ్లి రంపం తెచ్చాడు. చెట్టు మొదట్లో పెట్టి, ఒక్క క్షణం దాని పిడి మీద చెయ్యి ఉంచాడు.

"ఆగవయ్యా" అంది హెడ్విక. కళ్లద్దాలు ముక్కు మీదికి దించుకుని బెరడుకు ముఖం ఆనించింది. "నీ కళ్లకి కనబడదు గానీ, ఇటు రా."

రంధ్రం అంచున తెల్లటి బొట్టు నెమ్మదిగా ఉబ్బుతోంది. అందులో చిన్న నల్ల కాళ్లు కొట్టుకుంటున్నాయి. చూస్తుండగానే ఆగాయి.

రాడొవాన్ కళ్లు తుడుచుకుంటే చేతి బంక రెప్పకు అంటుకుంది. హెడ్విక తన చేతిరుమాలు అందించింది.

"పొద్దున మళ్లీ చూస్తాను. ఒక్క కొత్త రంధ్రం కనిపించినా రంపమే" అంది.

"రంపమే వదినా."

"మరి ఈ కోటు? ఇంట్లోకి తెచ్చావంటే మా చెల్లి లేచి వస్తుంది."

"మాంసం పొగబెట్టే గదిలో పెడతాను. దాని ఇనప తలుపు సందు లేకుండా పడుతుంది."

"ఇంకేం, ఈ ఏడు మీ ఇంట్లో సాసేజ్ తిన్నవాళ్ల వెంట పురుగులు పడతాయి."

ఆమె వెళ్లాక తడి కోటును లోపలి మేకుకు తగిలించాడు. చీకట్లో చెట్టు నుంచి బంక వాసన వస్తోంది. కాసేపు అక్కడే నిలబడి, పొగ గది తలుపు చప్పుడు కాకుండా మూశాడు.