పచ్చి చెక్క

వదిన గిటార్ చేయాలనుకున్నది సంగీతం మీద ప్రేమతో అనుకుంటే పొరపాటు. ప్రేమ ఉంది, కాదనను. కానీ చేతికి రంపం ఇచ్చింది మాత్రం కోపమే. తనను స్టేజి దింపిన మరిది అదే స్టేజి మీద, అదే జనం ముందు తల దించుకోవాలి. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. పదిమందికీ చెప్పుకుంటే కోపం పలచబడుతుందని ఆమె నమ్మకం.

మరిదిని ఇంట్లో చిన్నోడు అంటారు, బయట రాకెట్ అంటారు. రెండో పేరు తనకు తానే పెట్టుకున్నాడు. మామగారు నడిపిన బ్యాండు ఆయన పోయాక ఇతగాడి చేతికి వచ్చింది. గిటార్ పట్టుకోవడం ఇతనికి నేర్పింది వదినే. తీగలు నొక్కి వేళ్ళు బొబ్బలెక్కాయని ఏడుపు ముఖం పెడితే, చల్లటి నీళ్ళల్లో చెయ్యి పెట్టించి, బుజ్జగించి మళ్ళీ కూర్చోబెట్టింది కూడా ఆమే. ఆ తర్వాత ఏళ్ళ తరబడి బ్యాండులో పాటను నడిపించే ముందు గిటార్ ఆమెది, తోడుగా మోగే వెనక గిటార్ అతనిది.

ఒక సాయంత్రం రిహార్సల్ గదిలో అందరూ టీ తాగుతుండగా అతను గ్లాసు కింద పెట్టి అన్నాడు.

"వదినా, ఇకనించీ నువ్వు ఇంట్లో వాయించుకో. స్టేజికి కొంచెం లుక్ ఉండాలి."

డ్రమ్ములు వాయించే అతను లేని దగ్గు తెచ్చుకుని దగ్గాడు. సౌండు పెట్టె దగ్గర కూర్చున్న ఆమె భర్త, ఏదో వైరు ఊడినట్టు బల్ల కిందికి వంగాడు. ఆ వైరు ఎంతసేపటికీ దొరకలేదు మహానుభావుడికి. గిటార్ బ్యాండు సొమ్ముతో కొన్నది కాబట్టి బ్యాండుకే ఉండిపోయింది. భుజాల దాకా జుట్టు పెంచిన ఒక కొత్తవాడు దాన్ని మెడలో వేసుకుని వెనక గిటార్‌కి చేరాడు, ముందు గిటార్ మరిది తీసుకున్నాడు. పట్టీ మాత్రం ఆమె సొంతం. దాన్ని విప్పి చేతికి చుట్టుకుని ఇంటికి వచ్చింది.

తలుపు తీసిన అత్తగారు ఆ పట్టీ వంక చూశారు. ఏం జరిగిందని అడగలేదు. "కాళ్ళు కడుక్కుని రా అమ్మాయ్, టీ పెడతాను" అని లోపలికి వెళ్ళారు. మామగారి కాలంనించీ ఆవిడ ఆ బ్యాండులో పాడేవారు. ఆయన పోయిన కొన్నాళ్ళకి, గొంతు పోయిందని ఒకరోజు మానేశారు. అప్పటినించీ ఆవిడ కూనిరాగం తీయగా కూడా ఎవరూ వినలేదు.

వదిన ఒక ఫర్నిచర్ షెడ్డులో కుర్చీలకీ బీరువాలకీ పాలిష్ పడుతుంది. చెక్క పైమెరుగు సంగతి బాగా తెలుసు, లోపలి సంగతి ఇప్పుడు తెలుసుకోవాల్సి వచ్చింది. ఎలక్ట్రిక్ గిటార్ లోపల డొల్లగా ఉండక్కర్లేదు, దిట్టమైన పలక ఒకటి చాలు. ఆ పలక బాగా ఆరి ఉండాలి. తీగలు గుంజి కట్టినా వంగకూడదు, భుజానికి మరీ బరువు కాకూడదు. సెలవు దొరికిన రోజున ఆమె కలప అడితికి వెళ్ళింది. ఒక్కో చెక్కనీ ఒక చివర ఎత్తి పట్టుకుని, వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వింటూ వరసలన్నీ తిరిగింది.

"లోపల ఎవరైనా పలుకుతున్నారా అమ్మా?" అన్నాడు అడితివాడు.

"పలికేవాళ్ళ కోసమే చూస్తున్నా" అంది ఆమె నవ్వకుండా.

పలికింది. ఏదో పాత భవనం పడగొడితే వచ్చిన తలుపు చెక్క అది. బూడిదరంగు, నిండా మేకుల చిల్లులు, ఒక మూల నల్లటి మరక. ముట్టుకోవడానికే మనసు రాదు. తట్టితే మాత్రం ఖంగున మోగింది. ఆ పక్కనే కొత్తగా కోసిన పలక ఒకటి ఉంది. తేనెరంగు, ఆ చివరినించి ఈ చివరికి అలలు అలలుగా చారలు, చూస్తే కళ్ళు తిప్పుకోలేం. తట్టింది. తడిగోడను కొట్టినట్టు దబ్బుమంది. చెంపకి ఆనిస్తే చల్లగా తగిలింది. ఒంట్లో ఇంకా నీరున్న పచ్చి చెక్క అది. తెలిసి కూడా వదల్లేకపోయింది. అందానికి లొంగిపోవడం మరిది ఒక్కడి సొత్తేమీ కాదు. ఆరబెట్టుకుంటే రెండో గిటార్‌కి పనికొస్తుందని తనకు తానే సర్ది చెప్పుకుని, రెండూ ఇంటికి తెచ్చింది.

వరండాలో ఎండ తగలని మూల కింద సన్న బద్దలు వేసి, గాలి ఆడేలా రెండు చెక్కల్నీ పరిచింది. చివర్లు ముందు ఎండిపోతే పగుళ్ళు వస్తాయని పచ్చిదాని రెండు చివర్లకీ కొవ్వొత్తి రుద్దింది. దూలానికి కొక్కెం కాటా తగిలించి, వీలు చిక్కినప్పుడల్లా చెక్కలు తూచడం మొదలుపెట్టింది. బరువు తగ్గుతున్నంతకాలం నీరు పోతున్నట్టు లెక్క. తగ్గడం ఆగిపోయాకే చెక్క మీద చెయ్యి వెయ్యాలి.

అత్తగారికి ఈ తూకం మంచి కాలక్షేపమైంది. పాతదానికి బక్కది అనీ కొత్తదానికి లావుది అనీ పేర్లు పెట్టారు. కళ్ళజోడు సర్దుకుని ముల్లు చూసి, "నీ బక్కది ఉన్నచోటే ఉంది. లావుది ఇవాళ కూడా తగ్గింది. ఏం నోరు కట్టుకుందో ఏమో, మనవల్ల కాదు" అనేవారు.

ముందు బక్కదాని పని పట్టింది వదిన. పాడైపోయిన స్పీకరులోంచి అయస్కాంతం ఊడదీసి, లోపల ఇనుము ఎక్కడుందో చెక్కంతా పామి వెతికింది. దొరికిన మేకులన్నీ పీకింది. తరవాత చిత్రిక పట్టింది. తోపు తోపుకీ "స్టేజికి లుక్ ఉండాలి" అన్న గొంతు చెవుల్లో వినిపించేది. ఆ ముఖం మీదే చిత్రిక తోస్తున్నట్టు తోసేది. ఒకరోజు ఆ ఊపులో చెక్క నార ఎటు వాలి ఉందో చూసుకోలేదు. నారకి ఎదురు తోసేసరికి ఉలి కరుచుకుని, అరచేతి మేర పెచ్చు లేచి వచ్చింది.

"అది నీ మరిది కాదు అమ్మాయ్. దాని మీద కోపం చూపిస్తావేం?" అన్నారు అత్తగారు, నేల మీద పేళ్ళు ఊడుస్తూ.

వదిన సిగ్గుపడి చెక్కను అటు తిప్పి పెట్టుకుంది. బూడిదరంగు పోయి ఎర్రటి చేవ బయటపడుతోంది.

గిటార్ సంగతి భర్త నోటి వెంట రిహార్సల్ గదికి చేరింది. ఇంట్లో చేసిన గిటార్ అనగానే, ఏటా ఆ బ్యాండుని పిలిచే క్లబ్బు సెక్రటరీ తెగ ముచ్చటపడి, వార్షికోత్సవంలో అలాంటిది పెడితే కొత్తగా ఉంటుందన్నాడట. అంతే, ఆ ఆదివారమే రాకెట్ ఊడిపడ్డాడు. బక్కదాన్ని బూటు మొనతో తట్టి, కోళ్ళగూడు తలుపులా ఉందని నవ్వాడు. తరవాత అతని చూపు లావుదాని మీద పడి అక్కడే ఆగిపోయింది.

"దీనికి లుక్ ఉంది. ఇది నేను తీసుకెళ్తా వదినా."

వదిన ఇన్నాళ్ళూ వెతుక్కుంటున్న అవకాశం కాళ్ళ దగ్గరికే వచ్చి పడింది. అబద్ధం ఆడక్కర్లేదు, మోసం చేయక్కర్లేదు. నిజం చెబితే చాలు. ఎలా చెప్పాలన్నదే సంగతి. గబగబా వచ్చి చెక్కకి అడ్డంగా నిలబడింది. చూపు తప్పించింది. మాట తడబడనిచ్చింది.

"అది... అది ముట్టుకోకు. పచ్చి చెక్క. ఇంకా ఆరలేదు. గిటార్‌కి పనికిరాదు."

అతను పకపకా నవ్వాడు. "మంచిది నీకు దాచుకుని చెత్తది నాకు అంటగడదామనా? నాకా చెబుతావు కథలు?"

"నిజం చెబుతున్నా" అంది వదిన, ఇంకాస్త నీరసంగా.

అతను చెక్కను భుజానికెత్తుకున్నాడు. గుమ్మంలో అత్తగారు నిలబడి ఉన్నారు. ఆ చెక్క తూకం ప్రతిసారీ కళ్ళారా చూసిన మనిషి. ఏదో అనబోయినట్టు పెదవులు కదిలాయి. కోడలి ముఖం చూశారు, కొడుకు ముఖం చూశారు.

"మెట్ల మీద జాగ్రత్తరా, బరువుంటుంది" అన్నారు.

అతను దాన్ని తలుపులు చేసే కొట్లో ఇచ్చి, తొందరపెట్టి గిటార్ చేయించుకున్నాడు. నిప్పులు కక్కే రాకెట్ బొమ్మ వేయించాడు. రంగు రెండుసార్లు పగిలితే లప్పం పెట్టి మళ్ళీ వేయించాడని భర్త వచ్చి చెబితే, ఆమె సాండ్‌పేపర్ రుద్దుతూనే విని ఊరుకుంది. తప్పు దిద్దుకుందామనో ఏమో, ఆమె గిటార్‌కి వైర్లన్నీ భర్తే కూర్చుని అతికించి పెట్టాడు. ఆమె వైర్లు స్వీకరించింది, క్షమాపణ స్వీకరించలేదు. మెడ భాగం పాత సామాన్ల కొట్లో దొరికింది. చెక్కకి రంగు వేయలేదు, నూనె మాత్రం పట్టించింది. పాత దుప్పటితో సంచి కుట్టి, గిటార్‌ని అందులో పెట్టుకుని, అత్తగారిని తీసుకుని క్లబ్బు వార్షికోత్సవానికి వెళ్ళింది. ఇద్దరూ ముందు వరసలో కూర్చున్నారు.

మొదటి పాట బాగానే సాగింది. రాకెట్ బొమ్మకి చప్పట్లు కూడా పడ్డాయి. రెండో పాట సగంలో తీగల శ్రుతి జారింది. బిరడాలు తిప్పి సరిచేశాడు, మళ్ళీ జారింది. మెడ బిగించిన మరలు పచ్చి చెక్కలో పట్టు తప్పుతున్నాయి. అతను శ్రుతి కోసం బిగించేకొద్దీ తీగలు మెడను ముందుకు గుంజుతున్నాయి. వెనకనించి ఎవరో ఈల వేశారు, ఆ వెంటనే పది ఈలలు లేచాయి. కటుక్కుమని మెడ సగం ఊడి, తీగలు బట్టలు ఆరేసుకునే దండేల్లా వేలాడాయి.

వదిన ఆ క్షణాన్ని రెప్ప వేయకుండా చూసింది. జాలి వేస్తుందేమోనని లోపల వెతుక్కుంది. లేదు. కడుపు నిండా సంతోషమే ఉంది.

మిగతా పాటలన్నీ ముందు గిటార్‌తో మొదలయ్యేవే. ఆ జుట్టు కుర్రాడికి అంత చెయ్యి తిరగలేదు, వాడిది లాక్కుంటే వెనక గిటార్ ఉండదు. రాకెట్ కళ్ళు ముందు వరసలోని దుప్పటి సంచి మీద పడ్డాయి. స్టేజి అంచుకి వచ్చి వంగి చెయ్యి చాపాడు.

"వదినా, ఒకసారి ఆ గిటార్ ఇటివ్వు."

ఆమె ఇవ్వలేదు. సంచి పట్టుకుని మెట్లెక్కి స్టేజి మీదికి వెళ్ళింది. తన పట్టీ భుజాన వేసుకుంది. అతని గిటార్‌కి ఉన్న వైరు పీకి తనదానికి పెట్టుకుంది. మైకు పక్కనే ఉంది, మాట అందరికీ వినబడుతుందని ఆమెకు తెలుసు.

"వాయించడం నేను చూసుకుంటాలే. స్టేజికి లుక్ ఉండాలన్నావు కదా, నువ్వు అలా పక్కన నిలబడు."

హాలు గొల్లుమంది. అతను దిగిపోదామనుకున్నాడు, సెక్రటరీ కళ్ళురిమి చూస్తే ఆగిపోయాడు. మెడ ఊడిన గిటార్ మెడలో వేసుకుని, కార్యక్రమం అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. బల్ల కిందికి వంగకుండా భర్త ఆమె సౌండు పెంచాడు. కోళ్ళగూడు తలుపు ఖంగుఖంగుమని మోగింది.

మర్నాడు పొద్దున మరిది వచ్చి విరిగిన గిటార్‌ని వరండాలో విసిరి, తెలిసి తెలిసి తన పరువు తీసిందని అరిచాడు. పచ్చిదని చెప్పానుగా అంది వదిన. కావాలంటే మీ అమ్మనే అడుగు అంది. అతను అమ్మ వంక తిరిగాడు. చెప్పిందిరా, నేను విన్నాను అన్నారు అత్తగారు.

అతను వెళ్ళాక ఆవిడ ఆ చెక్కను కొక్కేనికి తగిలించి ముల్లు చూశారు.

"ఆ రోజు నువ్వు నిజమే చెప్పావు. కానీ అబద్ధంలా చెప్పావు" అన్నారు అటు తిరిగే.

దాచి లాభం లేదని వదినకు అర్థమైంది. "అవును అత్తయ్యా. అలా చెబితేనే తీసుకెళ్తాడని తెలుసు."

"నాకూ తెలుసు. అందుకే నోరు మెదపలేదు." కాటా ముల్లు ఊగడం ఆగింది. "నా గొంతుకేం కాలేదమ్మాయ్. నన్ను దింపిన రోజు కూడా వాడు అదే మాటన్నాడు, స్టేజికి లుక్ ఉండాలని."

వదిన గిటార్ తెచ్చి, స్టూలు ఆవిడ పక్కకి జరుపుకుని కూర్చుని, ఏ శ్రుతిలో పాడేవారని అడిగింది.