డ్రైవర్ దిగాలి

లారీలన్నీ కొత్త రోడ్డు పట్టి పోయాక కాటా యార్డులో ఖాళీ షెడ్డు, లారీ నిలబడేంత ఇనుప పలక, పలక పక్కన అద్దాల గదిలో మామగారు మిగిలారు. షెడ్డులో కోడలు ఆడవాళ్లకు వ్యాయామ కేంద్రం పెట్టింది. మామగారితో ఆమెకు పేచీ లేదు. పేచీ అంతా ఆ పలకతోనే. యార్డు నడిబొడ్డున పరుచుకుని కూర్చుంది. పరుగెత్తేవాళ్లకు దాని అంచు తగిలి ఎదురుదెబ్బల మీద ఎదురుదెబ్బలు.

"పీకించేద్దాం మామయ్యా," అంది.

ముప్పై ఏళ్లు ఆ పలక మీద లారీలు తూచిన మనిషి, "నీ ఇష్టం అమ్మాయ్," అని కళ్లజోడు తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడిచాడు.

కాంట్రాక్టరు వచ్చి పలక కింద గోతిలోకి దిగాడు. మనిషి నిలువునా మునిగే లోతు. లోపలంతా ఇనుప దూలాలు, కాంక్రీటు. పైకొచ్చి తల అడ్డంగా ఊపాడు.

"అమ్మా, దీన్ని తీయాలంటే క్రేన్ రావాలి. క్రేన్ రావాలంటే గేటు పగలగొట్టాలి. గేటు పోతే గోడ ఆగదు, గోడ పోతే మీ షెడ్డు ఆగదు. ఆ తర్వాత ఈ గొయ్యి పూడ్చాలి. ఆ డబ్బుతో ఇలాంటివి ఇంకో రెండు పెట్టుకోవచ్చు."

అద్దాల గదిలోంచి దగ్గు వినిపించింది. అది దగ్గు కాదని కోడలికి తెలుసు. ఒళ్లు మండింది.

ఇంతలో అసలు గండం వచ్చిపడింది. చేరిన పన్నెండు మందిలో నలుగురు, చిన్న తూకం మిషనెక్కి దిగిన మర్నాడే మానేశారు. మిగిలిన ఎనిమిది మందీ టైలరమ్మ బృందం, ఆమె ఎటంటే అటు. ఆమె కూడా పోతే షెడ్డుకి తాళమే. ఆ ఉదయం టైలరమ్మ మిషనెక్కింది. నెల రోజులుగా తీపి ముట్టని మనిషికి అది అరకిలో ఎక్కువ చూపించింది.

"నోరు కట్టుకుని చచ్చాను కదా మేడం! రేపట్నుంచి నేను రాను," అని భోరుమంది. మిగతా ఏడుగురూ చెప్పులు వెతుక్కోవడం మొదలెట్టారు.

అద్దాల గది తలుపు తెరుచుకుంది.

"అరకిలోకి మనిషిని ఏడిపించేది కూడా ఓ కాటాయేనా? ఇటొచ్చి నిలబడండమ్మా. ఇరవై కిలోల లోపైతే ఇది పట్టించుకోదు."

అందరూ పలకెక్కారు. కోడల్ని కూడా లాక్కున్నారు. "ఇంజను ఆపండి!" అని అలవాటు కొద్దీ అరిచాడాయన. ముల్లు ఆరువందల ఎనభై దగ్గర ఆగింది. చీటీలో సరుకు అన్నచోట 'మనుషులు' అని రాసి, స్టాంపు గుద్ది టైలరమ్మకిచ్చాడు.

"నెల తర్వాత మళ్లీ తూస్తా."

తన బరువెంతో ఎవరికీ తెలియనందుకు అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. చెప్పులు మళ్లీ విడిచారు. నెలంతా ఆ పలక మీదే గంతులు. అన్ని లారీల్ని మోసినదానికి వీళ్లొక లెక్కా!

నెల తిరిగింది. అందరూ ఎక్కారు. మామగారు అద్దంలోంచి కోడల్ని చూసి, "డ్రైవర్ దిగాలి," అన్నాడు. కోడలు దిగింది. ముల్లు ఆరువందల ఇరవై దగ్గర ఆగింది. ఆ చీటీ కూడా టైలరమ్మకే ఇచ్చాడు.

యార్డు దద్దరిల్లిపోయింది. అరవై కిలోలు! తగ్గింది తనేనని ఎనిమిది మందికీ నమ్మకం. రేపు ఇంకో ఐదుగుర్ని తీసుకొస్తానని టైలరమ్మ మాటిచ్చి వెళ్లింది.

గేటు మూస్తుంటే కోడలికి చటుక్కున వెలిగింది. తిన్నగా అద్దాల గదికి వెళ్లింది.

"మామయ్యా, పోయినసారి నేనూ ఎక్కాను కదా?"

"ఎక్కావు."

"అంటే తగ్గింది నా బరువే! దొంగ తూకం అడిగాడని లారీ ఓనరు కాలరు పట్టుకున్న మనిషి మీరు!"

"దొంగ తూకమేం కాదు. కింద చూడు." చీటీ నకలు చూపించాడు. అడుగున చీమ తలకాయంత అక్షరాలు, 'డ్రైవర్ దిగినది' అని. "రాయడం నా పని, చదువుకోవడం వాళ్ల పని."

అన్నాడే గానీ ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తన కోసం ముప్పై ఏళ్ల పేరుని ఇంతదాకా వంచాడని ఆమెకు అర్థమైంది.

"పోనీలెండి," అంది కళ్లు తుడుచుకుని. "నేను అరవయ్యే కదా. వాళ్లు తగ్గకపోయినా పెరగలేదు."

"తూస్తే తెలుస్తుంది."

ఆమె ఒక్కతే వెళ్లి పలక నడుమ నిలబడింది. ముల్లు ఊగి ఊగి ఆగింది. ఆయన చీటీ రాసి, స్టాంపు గుద్ది అందించాడు. ఎనభై.

ఇద్దరూ మనసులో లెక్క వేసుకున్నారు. ఆమె ఎనభై తీసేస్తే మొదటిసారి వాళ్లు ఆరువందలే. నెల్లాళ్లు గంతులేసి ఎనిమిది మందీ కలిసి ఇరవై కిలోలు పెరిగారన్నమాట.

"మీ కాటా..." అని మొదలుపెట్టి కోడలు ఆగిపోయింది.

"నా కాటా ఇంతవరకూ తప్పు చూపించలేదమ్మాయ్," అంటూ ఆమె చేతిలోంచి చీటీ తీసుకున్నాడు. గేటు వైపోసారి చూశాడు. చీటీని రెండుగా చింపాడు, నాలుగుగా చింపాడు, పలక సందులోంచి గోతిలోకి వదిలేశాడు. స్టాంపు పడిన చీటీని ఆయన చింపడం ముప్పై ఏళ్లలో అదే మొదటిసారి.